ఊపిరి వదిలితేనే కొలత

మా ఇంటి ముందుగది. అదే నా కుట్టుగది కూడా. సెలవురోజు మధ్యాహ్నం. నేను మిషన్ దగ్గర, తొమ్మిది చదివే మా అమ్మాయి కత్తిరింపు బల్ల మీద.

“ముందు ఆ ఫోను నా మూతి దగ్గర్నుంచి తియ్యవే. సూది వేల్లోకి దిగేట్టుంది.”

“తియ్యను. రికార్డింగ్ అవుతోంది. యూజర్ ఇంటర్వ్యూ మొత్తం ఒకే ముక్కగా ఇవ్వాలని మేడం చెప్పింది. మధ్యలో ఆపితే మార్కులు పోతాయి.”

“యూజర్ ఎవరు?”

“నువ్వే.”

“నేను అమ్మనే.”

“ఇవాళ యూజర్‌వి. కంప్యూటర్ సబ్జెక్టుకి నేను నీ కొట్టు కోసం ప్రోగ్రాం చేశాను. దాన్ని వాడేది నువ్వు. వాడేవాళ్ళని యూజర్ అంటారు. అమ్మవి తర్వాత అవుదువు గానీ, మొదటి ప్రశ్న...”

“ముందు ఆ ఫారం సంగతి తేల్చు. రేపు పొద్దున పదింటికల్లా ఆఫీసులో ఇవ్వాలంట. ఆ తర్వాత సబ్జెక్టు మారతానన్నా మార్చరంట.”

“నిన్ననే తేల్చుకున్నాంగా! ఎనిమిది ప్రశ్నలకి జవాబు చెప్పు, నా ప్రోగ్రాం ఒక్కసారి వాడి చూడు. అప్పటికీ నన్ను కంప్యూటర్ మాన్పించి భూగోళంలో పడెయ్యాలనిపిస్తే సంతకం పెట్టెయ్. నేను నోరెత్తను.”

“నువ్వు! నోరెత్తవు!”

“రికార్డవుతోందిగా, సాక్ష్యం ఉంది. ఒకటి. వయసు?”

“నలభై రాసుకో.”

“అమ్మా, నీకు ముప్పై రెండు.”

“నలభై అంటే కాస్త పెద్దరికంగా ఉంటుందే. లేకపోతే మీ మేడం, ఈ పిల్ల తల్లి కూడా పిల్లేనా అనుకోదూ?”

“ముప్పై రెండే. ఇక రెండో ప్రశ్న. పని?”

“కనపడటం లేదా?”

“నోటితో చెప్పాలి.”

“కుట్టుపని. గౌన్లు, చొక్కాలు, కోట్లు. చిరుగులూ, జిప్పులూ కూడా. జిప్పులంటే నాకు ఒళ్ళుమంట. అది రాయకు.”

“రాసేశాను. మూడు. చదువు?”

“ఇదిగో, ఈ చేతిమడత చూడు, ఎంత ఒద్దికగా కూర్చుందో...”

“చదువు, అమ్మా.”

“డాబా మీద బట్టలు ఆరేశాను. వాన వచ్చేలా ఉంది, తీసుకురాపో.”

“ఎండ పేలిపోతోంది. చదువు?”

“పది పాసని రాయి.”

“నిజంగా?”

“రాయమంటే రాయి. మీ మేడం వచ్చి నా సర్టిఫికెట్టు అడుగుతుందా ఏంటి?”

“యూజర్ వివరాలు తప్పు చెబితే ప్రోగ్రాం ఇంకెవరికో చేసినట్టవుతుంది. మొదటి పాఠంలోనే చెప్పారు.”

“ఒక్క ముక్క అటూ ఇటూ అయితే కొంప మునిగిపోదులే.”

“సరే. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు పొట్ట లోపలికి లాక్కుని నిలబడితే నువ్వేమంటావు?”

“ఊపిరి వదలండి అంటాను. లాక్కుంటే టేపు మీద అంకె అందంగానే వస్తుంది. తొడుక్కుని కూర్చున్నాక గుండీ తెగి ఎదురుగా ఉన్నవాళ్ళ కంట్లో పడుతుంది. మళ్ళీ తప్పు నాదే.”

“మరి ఇప్పుడు నువ్వు చేస్తున్నదేంటి?”

“నోరు మూసుకుని నాలుగో ప్రశ్న అడుగు.”

“మూడోది ఖాళీగా ఉంచుతున్నా, చూసుకో. నాలుగు. ఇప్పుడు కొలతలు ఎక్కడ దాచుకుంటున్నావు?”

“ఆ ఎర్రట్ట పుస్తకంలో. తెలీనట్టు అడుగుతావేం? నిన్నంతా దాన్ని ముందేసుకుని కూర్చున్నావుగా.”

“కూర్చున్నా. ఇరవై మందివి ప్రోగ్రాంలోకి ఎక్కించాను. అదే అడుగుదామనుకున్నా. ఆ పుస్తకంలో ఒక్కళ్ళకీ పేరు లేదేంటమ్మా?”

“ఎందుకు లేదు? అందరికీ ఉందిగా.”

“‘వాయిదా వదిన’. ఇది పేరా?”

“ఆవిడ ఏదీ చెప్పిన రోజున తీసుకెళ్ళదు. మొదటిరోజే పేరు అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడు రెండేళ్ళయ్యాక, మీ పేరేంటండీ అంటే ఏం బాగుంటుంది?”

“‘ఈలపాట తాత’. ‘జేబుల మాస్టారు’.”

“ఆయనకి లోపల జేబు, బయట జేబు, జేబులో జేబు కావాలి. అసలు పేరు రాస్తే నాకేం గుర్తొస్తుంది చెప్పు? జేబుల మాస్టారంటే మనిషి మొత్తం కళ్ళముందు నిలబడతాడు.”

“‘పొట్టదాపు మేడం’?”

“అబ్బో, ఆవిడతో వేగలేను తల్లీ! టేపు తియ్యగానే బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టేస్తుంది. వదలండీ అంటాను. వదిలేశానండీ అంటుంది. ఆ మాట ముక్కులోంచి వస్తుంది. అందుకే ఆవిడ నడుముకి రెండు వేళ్ళ వెడల్పు కలిపి కుడతాను. తొడుక్కుని చూసుకుని, ‘భలే కుదిరిందండీ, ఈమధ్య సన్నబడ్డాను’ అని మురిసిపోతూ పోతుంది. ఆ గళ్ళ కోటు ఆవిడదే. కాలరొక్కటే మిగిలింది.”

“సరే, మిగతా ప్రశ్నలు తర్వాత. ఇప్పుడు వాడి చూడు. ఇదిగో లాప్‌టాప్. ఆ పైన బాక్సులో పేరు కొట్టు.”

“నేనా? పాడైపోతే? అది బడివాళ్ళదే!”

“పాడవదు. నీ మిషన్ తొక్కినట్టు తొక్కకు, చాలు.”

“వా... ‘వా’ వచ్చింది... ‘యి’ ఎక్కడ పెట్టి చచ్చారే...”

“రెండక్షరాలు కొడితే అదే వెతుక్కుంటుంది.”

“అమ్మో! వచ్చేసిందే! వాయిదా వదిన! భుజం, చెయ్యి, నడుము, అన్నీ ఉన్నాయే! పుస్తకమైతే ఈపాటికి వేలు తడుపుకుంటూ సగం పేజీలు తిప్పేదాన్ని.”

“నచ్చిందా? గట్టిగా చెప్పు, రికార్డవ్వాలి.”

“ఆగాగు. మొన్న ఆవిడ నడుము ఇంకో అంగుళం పెరిగింది. ఎక్కడ రాయాలి?”

“అక్కడే. పాత అంకె మీద కొత్తది కొట్టి సేవ్ నొక్కు.”

“నొక్కాను. మరి పాతదేదీ?”

“పోయింది. కొత్తది వచ్చిందిగా.”

“పోయిందా! పోతే ఎలాగే!”

“పాత కొలతతో ఇక పనేముంది?”

“పనేముందా? పాతది లేకపోతే మనిషి పెరుగుతోందో తరుగుతోందో నాకెలా తెలుస్తుంది? ఈ వదిన నడుము మూడు నెలల్లో మూడుసార్లు పెరిగింది. ఆవిడ నోరు తెరవకముందే అనుకున్నాను, కడుపుతో ఉందని. విప్పుకోవడానికి ఉండాలని కుట్టు లోపల గుడ్డ ఎక్కువ వదిలాను. ఈలపాట తాతకి రెండేళ్ళలో భుజం అంగుళమున్నర తగ్గింది. ఈల తగ్గలేదు గానీ మనిషి తగ్గాడు. అప్పట్నుంచీ ఆయన్ని మెట్లు ఒంటరిగా దిగనివ్వను. కొలత చెరపకూడదే. నా పుస్తకంలో ఎక్కడైనా ఒక్క కొట్టివేత చూశావా? పాతది పాతదే. దాని కింద కొత్తది, పక్కన తారీకు.”

“అమ్మా.”

“ఏం?”

“ఈ తప్పు మా క్లాసులో ఒక్కళ్ళూ పట్టుకోలేదు.”

“తప్పా? అయ్యో, మార్కులు పోతాయా? అయితే నేనేం అనలేదు. చాలా బాగుందని రాసుకో. బ్రహ్మాండంగా ఉందని రాసుకో!”

“అయ్యో, తప్పు దొరికితేనే మార్కులు! యూజర్ తప్పు చెప్పాలి, నేను సరిదిద్దాలి, ఎలా దిద్దానో రాయాలి. బాగుంది బాగుంది అంటే సున్నా.”

“ఇదేం చదువే! మా రోజుల్లో తప్పు దొరికితే దెబ్బ చేతిమీద పడేది.”

“ఇదే చదువు. ఇప్పుడు చెప్పు, ఎందుకు వద్దంటావు?”

“చదువంటే చదువులా ఉండాలి. పని నేర్పే సబ్జెక్టేంటి బళ్ళో? దాన్ని ఎవరు తీసుకుంటారు, చదువు అబ్బనివాళ్ళేగా?”

“మా క్లాసు ఫస్టు తీసుకుంది. పెద్దవాళ్ళ కోసం బళ్ళో పెట్టిన సాయంత్రం బ్యాచ్‌లో అయితే బేకరీ మామ్మ కూడా ఉంది. ఎప్పుడో చిన్నప్పుడు ఆపేసిన తొమ్మిది మళ్ళీ చదువుతోంది. మౌస్ పట్టుకుంటే చపాతీ కర్ర పట్టుకున్నట్టే ఉంటుంది గానీ, భలే చేస్తుంది.”

“ఆ వయసులోనా? ఎన్నింటికి?”

“ఏం ఎన్నింటికి?”

“ఆ బ్యాచి.”

“ఆరింటికి. ఎందుకు?”

“ఊరికే అడిగానే. అడక్కూడదా?”

“మాట మార్చకు. నన్నెందుకు మాన్పిస్తున్నావు? నాన్న వద్దన్నాడా?”

“మీ నాన్న నన్నడక్కుండా చొక్కా గుండీ కూడా పెట్టుకోడు.”

“మరి?”

“మరీ లేదు గిరీ లేదు.”

“ఊపిరి వదులమ్మా.”

“... ఆ ఫోను ఆపు.”

“ఆపకూడదు.”

“అయితే ఆ గుడ్డల కింద పెట్టు. అది నన్ను చూస్తున్నట్టుంది.”

“పెట్టాను. చెప్పు.”

“మా బళ్ళో కూడా ఉండేదే పని సబ్జెక్టు. మగపిల్లలకి వడ్రంగం, ఆడపిల్లలకి కుట్టు. నాకు మహా ఇష్టం. టీచరు నన్ను ముందు వరస మిషన్ దగ్గర కూర్చోబెట్టేది. బడి కిటికీలన్నిటికీ కర్టెన్లు నేనే కుట్టాను. ఇరవై రెండు కిటికీలు. ఓరోజు ప్రోగ్రెస్ కార్డు మీద రాసిచ్చింది, ‘ఈ అమ్మాయి ఇక సొంతంగా కుట్టగలదు’ అని. పరిగెత్తుకుంటూ ఇంటికి తెచ్చాను. చెప్పు కూడా తెగింది.”

“తర్వాత?”

“మా అమ్మా నాన్నా చూశారు. మురిసిపోయారు. పక్కింటివాళ్ళని పిలిచి చూపించారు. ‘చేతికి పని వచ్చేసిందిగా, ఇక బడి దేనికి’ అన్నారు. అంతే. తొమ్మిది సగంలో ఉన్నాను. లెక్కల పుస్తకంలో నేను మడిచిపెట్టిన పేజీ ఇప్పటికీ గుర్తు.”

“నువ్వేం అనలేదా?”

“తిట్టి మాన్పిస్తే ఎదురు తిరిగేదాన్నేమో. నన్ను మెచ్చుకుని మాన్పించారే. దానికి ఎలా ఎదురు తిరుగుతారు?”

“అమ్మా...”

“మొన్న నువ్వూ తెచ్చావు చూడు కార్డు. ‘ఈ అమ్మాయి సొంతంగా ప్రోగ్రాం చేయగలదు’ అని. నాకు మళ్ళీ నా కార్డే కనపడింది. మర్నాడే మీ నాన్నని పంపి ఫారం తెప్పించాను.”

“ఒక్క మాట అడగనా? నాకు పని వచ్చేసిందని నన్ను బడి మాన్పించేది ఎవరు?”

“ఎవరో ఒకరు.”

“ఎవరు? నాన్న గుండీ కూడా పెట్టుకోడన్నావు. ఇక ఈ ఇంట్లో మిగిలింది నువ్వు. నువ్వు మాన్పిస్తావా?”

“నేనా! నా పీక తెగినా మాన్పించను!”

“మరి నువ్వు భయపడుతోంది ఎవరికి?”

“ఉండు... నన్ను ఆలోచించుకోనీ.”

“ఆలోచించుకో. నేను ఆగుతాను... ఏంటి, కత్తెర తీశావు?”

“చేతులు ఖాళీగా ఉంటే నాకు బుర్ర పనిచెయ్యదు. కాలర్ పని చూసుకుంటూ ఆలోచిస్తాను... అదిగో, తలుపు కొడుతున్నారు.”

“మళ్ళీ మొదలా! వాన అన్నావు, ఇప్పుడు తలుపు...”

“నిజంగానే కొడుతున్నారే! తియ్యిపో!”

“ఎవరూ... అమ్మో! అమ్మా, మా మేడం!”

“ఏ మేడం?”

“మా కంప్యూటర్ మేడం!”

“అయ్యో, ఈ పీలికలూ... నా జుట్టూ... కుర్చీలో గౌను తియ్యవే! రండి మేడం గారూ, రం... మీరా?”

“నేనేనండీ. కోటు అయిందేమోనని వచ్చాను. ఏం అమ్మాయ్, నువ్వేంటి ఇక్కడ?”

“మా అమ్మ, మేడం.”

“మీరా ఈ పిల్ల అమ్మగారు! ఏడాదిగా నా బట్టలు కుడుతున్నారు, తెలియనే లేదు! మీటింగులకి ఎప్పుడూ నాన్నగారే వస్తారు.”

“కొట్టు వదిలి రావడం కుదరదండీ... అదీ కాక బడి మెట్లెక్కాలంటే నాకు... మీరు కంప్యూటర్ మేడం అని నాకేం తెలుసు, నేను మిమ్మల్ని...”

“అమ్మా!”

“... మిమ్మల్ని ఉత్త మేడం అనే అనుకున్నాను.”

“ప్రాజెక్టు అవుతోందా? ఏదీ చూడనీ. అక్షరాలు పెద్దగా పెట్టావు, మంచి పని. ‘వాయిదా వదిన’. ‘జేబుల మాస్టారు’. ఇవేంటి?”

“మేడం, ఛార్జింగ్ అయిపోతోంది, ఆపేస్తాను...”

“ఉండు. ‘పొట్టదాపు మేడం. గళ్ళ కోటు. నడుముకి రెండు వేళ్ళు కలపాలి.’”

“మంచినీళ్ళు తాగుతారా మేడం గారూ?”

“రెండు వేళ్ళా?”

“ఒకటిన్నరేనండీ. రెండని ఊరికే రాశాను.”

“అంటే నేను సన్నబడలేదా?”

“ఆరోగ్యంగా ఉన్నారండీ.”

“మేడం, తప్పయిపోయింది. ఇంటర్వ్యూలో కూడా ఉంది. రేపు ఎలాగూ వింటారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నా.”

“రికార్డింగ్ ఇంకా అవుతోందా?”

“ఆపకూడదన్నారు కదా మేడం. ఆ గుడ్డల కింద ఉంది.”

“అన్నాను, అన్నాను. నా నోరే నా శత్రువు. సరే, అది నేనొక్కదాన్నే వింటాను. వినండి, ఒప్పుకుంటున్నా. లాక్కుంటాను. ఇంట్లో అద్దం ముందు కూడా లాక్కుంటాను. ఆ సంగతి నాకూ మీ అమ్మగారికీ మధ్య ఉంటుంది. కానీ అమ్మాయ్, ఇది ఇలాగే ఇస్తే నీకు సున్నా.”

“పేరు మార్చేస్తాను మేడం! ఇప్పుడే!”

“పేరు కాదు. ఈ కొలతలన్నీ ఎవరివి?”

“వాళ్ళవి.”

“వాళ్ళని అడిగావా?”

“అమ్మ పుస్తకంలోవేగా అని...”

“అమ్మని నమ్మి ఇచ్చారు. ఆ ఎర్ర పుస్తకం ఈ గది దాటదు. నీ ప్రోగ్రాం రేపు ముప్పై మంది ముందు గోడమీద పడుతుంది. ఎవరి నడుమెంతో ఊరంతా చూడాలా? అడిగి, సరేనన్నవాళ్ళవే పెట్టాలి. ఆరో పాఠం.”

“ఆరో పాఠం ఇవాళ చదువుదామనుకున్నా మేడం.”

“ఇవన్నీ తీసెయ్. కనీసం ఒక్కరివైనా, ఒప్పుకున్న మనిషివి, నిజమైన వివరాలు ఉండాలి. లేకపోతే ప్రాజెక్టు తీసుకోరు. రేపు పదింటికి ఆఖరు.”

“ఇప్పటికిప్పుడు ఎవరొప్పుకుంటారు మేడం? పోనీ మీరు...”

“నా నడుము ఆ గోడమీదా? చచ్చినా ఒప్పుకోను.”

“నావి పెట్టుకోవే.”

“నీవా, అమ్మా?”

“నావే. ఒప్పుకుంటున్నాను. రికార్డవుతోందిగా, సాక్ష్యం ఉంది.”

“పుస్తకంలో నీ పేజీయే లేదుగా.”

“ఎలా ఉంటుంది? నా వీపు నేను కొలుచుకోలేనుగా. పద్దెనిమిదేళ్ళుగా నా బట్టలు ఉజ్జాయింపుగా కుట్టుకుంటున్నా. ఆ టేపు తీసుకో.”

“ఒక్క నిమిషమండీ. మీ అమ్మాయి సబ్జెక్టు మారుతోందని ఆఫీసులో విన్నాను. మారేటట్టయితే ఇదంతా ఎందుకు? ఆ ఫారం...”

“ఫారం లేదండీ.”

“అదేంటమ్మా, బల్లమీదే పెట్టావు, కత్తెర కింద.”

“మేడం గారి కాలర్‌కి పేపర్ కటింగ్ తీశాను. గట్టి కాగితం కదా, చక్కగా తెగింది. అదిగో, ఆ వంపు మీద ఆఫీసు ముద్ర కూడా ఉంది.”

“చూసుకోకుండా కత్తిరించావా!”

“చూసుకునే కత్తిరించాను. నన్ను ఆలోచించుకోమన్నావు, ఆలోచించుకున్నాను. ఇంక ఎంతసేపు నిలబెడతావు? కొలవ్వే.”

“మేడం, మీరు కొడతారా? నేను చెప్తాను. అన్నట్టు, అమ్మ ఒక తప్పు పట్టుకుంది. కొత్తది కొడితే పాత కొలత చెరిగిపోతోందని. ఒక్కొక్క కొలతకీ తారీకు గడి పెట్టి కిందకి పేర్చాలి.”

“ఎవరు పట్టుకున్నారు? మీరా? ఎవరైనా అడుగుతారేమోనని నెల్లాళ్ళుగా ఎదురుచూస్తున్నానండీ క్లాసులో!”

“నాకు అవేవీ తెలియవండీ. చెరిపితే మనిషి కనపడదని అన్నానంతే.”

“భుజం పద్నాలుగున్నర. చెయ్యి ఇరవై రెండు. ఇప్పుడు నడుము. అమ్మా, ఊపిరి వదులు.”

“వదిలేశానే.”

“మాట ముక్కులోంచి వస్తోంది.”

“ఛీ! నేనూ అంతేనా!”

“హమ్మయ్య. నేనొక్కదాన్నే కాదన్నమాట.”

“నవ్వకండి మేడం గారూ, టేపు జారుతుంది. ఆ... వదిలాను. ఇదిగో, నిజంగా వదిలాను.”

“ముప్పై ఒకటి.”

“ముప్పై.”

“ముప్పై ఒకటమ్మా.”

“సరే, ఒకటి. తారీకు వెయ్యి.”

“వేశాను. యూజర్ వివరాల్లో వయసు ఉంది, పని ఉంది. ‘జిప్పులంటే ఒళ్ళుమంట’, ఇదీ ఉంది. మూడో గడి ఖాళీగా వదిలేశావేం అమ్మాయ్? చదువు. అది నింపకపోతే సేవ్ అవదు.”

“అది... మేడం... మా అమ్మ పది...”

“నువ్వుండవే. కొట్టండి మేడం గారూ. తొమ్మిది, సగం. పక్కన బడి మానేసిన సంవత్సరం వెయ్యండి, నేను చెప్తాను. అది మాత్రం చెరపకండి. కింద ఒక గీత ఖాళీ ఉంచండి, ఆరింటి బ్యాచ్‌కి.”